అడాపలీన్ జెల్: మొటిమ లేని చోట కూడా రాసుకోవాల్సిన మందు

మొటిమలకి అడాపలీన్ 0.1 శాతం జెల్ వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఈ మందు మీద నాకింత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. వచ్చిన మొటిమ వెంట పడకుండా, రాబోయేదాన్ని ఇది ముందే ఆపుతుంది.

మొటిమ పైకి కనపడక ముందే వెంట్రుక కుదుట్లో మృతకణాలు, జిడ్డు కలిసి అంటుకుపోయి బిరడాలా పడతాయట. అది ముదిరితే వైట్‌హెడ్, బ్లాక్‌హెడ్. దాని వెనక బ్యాక్టీరియా పెరిగితే ఎర్రగా వాచి చీము పట్టే మొటిమ. అడాపలీన్ ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. అందుకే మొటిమ మీద చుక్క పెట్టి ఊరుకుంటే లాభం లేదు. రాత్రిపూట బటాణీ గింజంత తీసుకుని, కళ్లు, పెదాల చుట్టూ వదిలేసి ముఖమంతా పలచగా రాయాలి. అంతకుముందు నేను వాడిన శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ జిడ్డు వదిలించేది కానీ, నుదుటి మీద ఇసుక రాలినట్టుండే గరుకు మాత్రం పోలేదు. జెల్ మొదలుపెట్టిన మూడో నెలలో తల దువ్వుకుంటూ నుదురు తడుముకుంటే నున్నగా తగిలింది. నమ్మకం కలగక అద్దం దగ్గరికెళ్లి మరీ చూసుకున్నాను.

మొదటి నెల మాత్రం కష్టమే. ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, నోటి చివర్లు మండుతాయి, లోపల దాక్కున్నవన్నీ ఒకేసారి బయటపడతాయి. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఫలితం తెలియాలంటే 12 వారాలైనా ఆగాలి. మా డాక్టరమ్మ ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్, అదీ రోజు విడిచి రోజు రాయమన్నారు. అలా అయితే తట్టుకోగలిగాను.

అసలు చెప్పాల్సింది ఆ తర్వాత జరిగింది. ఎండాకాలంలో ట్యూబు అయిపోయింది. ఎప్పుడూ కొనేచోట స్టాకు లేకపోతే దారిలో ఇంకో మెడికల్ షాపులో చీటీ చూపించాను. "అది రావట్లేదమ్మా, దీని బదులు ఇది వాడండి. సేమ్ పనిచేస్తుంది, మచ్చలు కూడా పోతాయి" అని ఒక క్రీము ఇచ్చారు. వారం తిరక్కుండా ముఖం తేటగా, ఎక్కడా ఎరుపు లేకుండా అయింది. ఆఫీసులో అందరూ ఏం వాడుతున్నావని అడిగారు. "ఈ మందేదో ముందే ఇచ్చి ఉంటే బాగుండేది కదే" అని అమ్మ కూడా అంది.

ఆ ట్యూబు అయిపోయిన కొద్దిరోజులకే మొదలైంది. పొయ్యి దగ్గర కూర్చోకపోయినా బుగ్గలు సెగలు కక్కేవి. బుగ్గల నిండా అన్నీ ఒకే సైజులో ఎర్రటి పొక్కులు. బాల్కనీలో బట్టలు ఆరేయడానికి వెళ్తే ఆ కాస్త ఎండకే మంట. డాక్టరమ్మ నన్ను చూడకముందే ట్యూబు చూపించమన్నారు. వెనక్కి తిప్పి, పేరు కింద సన్నటి అక్షరాల మీద వేలు పెట్టారు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. అది వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది కాబట్టి మొటిమ పోయినట్టే కనిపిస్తుంది. లోపలి బిరడా ఎక్కడికీ పోదు. ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఆపగానే తిరగబెడుతుంది. మంగు మచ్చలకి డాక్టరు కనుసన్నల్లో కొన్ని వారాలు మాత్రమే వాడాల్సిన మిశ్రమం అది.

ఆ షాపు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. చీటీలో ఉన్నది ఒకటి, చేతిలో పెట్టింది ఇంకోటి. స్టాకు లేదని చెప్పి పంపేస్తే సరిపోయేది. కోలుకోవడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ మంట పుట్టించని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు.

తర్వాత మళ్లీ అడాపలీన్‌కే వచ్చాను. పొద్దున పూట 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసింది. ఇది ఆక్సిజన్ వదిలి బ్యాక్టీరియాని చంపుతుంది. క్లిండమైసిన్‌లాంటి యాంటీబయాటిక్‌కి అలవాటు పడినట్టు దీనికి బ్యాక్టీరియా అలవాటు పడదు. అందుకే క్లిండమైసిన్ ఒక్కటే ఇవ్వకుండా దీనితో కలిపి రాస్తారు. కాకపోతే నా నీలం టవలు అంచులు నారింజ రంగుకి తిరిగాయి. తెల్ల తువ్వాళ్లు వాడుకోవడం మంచిది.

మచ్చల సంగతి వేరే చెప్పాలి. మన ఛాయకి మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. అడాపలీన్ దాన్ని కొంత తొందరగా పోగొడుతుందేమో కానీ, నాకు తేడా కనిపించింది సన్‌స్క్రీన్ మానకుండా రాశాకే. గుంటలు పూడవు. నెలసరి ముందు దవడ అంచున ఒకటో రెండో పెద్దవి ఇప్పటికీ వస్తాయి. అవి హార్మోన్ల వల్ల వచ్చేవి, ఈ జెల్‌తో పూర్తిగా ఆగవని డాక్టరమ్మ అన్నారు.

నాది జిడ్డు చర్మం, ఏసీ ఆఫీసు, ఎండలో తిరిగే పని లేదు. పొడి చర్మానికి ఇది ఇంతగా పడుతుందని చెప్పలేను. మా తమ్ముడికి లోపల గడ్డల్లా వచ్చేవి, వాడికి ఏ జెల్లూ చాల్లేదు. చివరికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నాడు. అవి నూనె గ్రంథుల్నే కుదించేస్తాయి. లివర్‌కీ కొవ్వుకీ రక్తపరీక్షలు చేయించుకుంటూ, పగిలిన పెదాలకి వేజలిన్ రాసుకుంటూ కోర్సు పూర్తి చేశాడు. ఆ మాత్రలు ఆడవాళ్లు వేసుకుంటే గర్భం అస్సలు రాకూడదు, ఆపాక కూడా నెల ఆగాలి. బిడ్డకి అవకరాలు రావచ్చు.

అమెరికాలో అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఇక్కడ డాక్టరు రాయాలి. నేను ఇప్పటికీ వారానికి రెండుమూడు రాత్రులు రాస్తూనే ఉన్నాను, పూర్తిగా ఆపేస్తే బిరడాలు మళ్లీ పడతాయి కాబట్టి. పిల్లల కోసం అనుకున్నప్పుడు మాత్రం ఇది మానేయాలి. అప్పుడు అజెలాయిక్ యాసిడ్‌కి మారుదామని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచారు.