పాండాస్ 1 నుంచి 3 దాకా: వడ్ల లెక్కల్లో ఆరేళ్ల వాడకం

నెల్లూరులో వడ్లు కొనే ఒక కొట్టుకు 2020 నుంచి లెక్కల ప్రోగ్రాం నేనే రాసి నడుపుతున్నాను. పైథాన్ భాషలో రాశాను, లోపల పట్టికల లెక్కలు చేసిపెట్టే పాండాస్ లైబ్రరీ. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి గుమస్తాలు ఎక్సెల్ షీట్లు పంపిస్తారు. రైతు పేరు, ఊరు, వడ్ల రకం, కాటా తూకం, లారీ నంబరు అందులో ఉంటాయి. అన్నీ కలిపి ఏ రైతువి ఎన్ని పుట్లు, ఎవరికి ఎంత ఇవ్వాలి అని చీటీ తీయాలి. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు.

కూడికలు పెద్ద పని కాదు. కష్టమంతా పేర్లతోనే. పి. రమణయ్య అనే పేరు ఉందనుకోండి. ఒకరు చుక్క పెట్టి రాస్తారు, ఒకరు చుక్క లేకుండా రాస్తారు, ఇంకొకరు మధ్యలో మూడు ఖాళీలు వదులుతారు. కౌలు పొలం వడ్లయితే పేరు పక్కనే బ్రాకెట్‌లో ‘కౌలు’ అని చేరుస్తారు. వడ్ల రకం కూడా అంతే. ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే ఒక్క రకాన్నే మా షీట్లలో పది తీర్లుగా చూశాను. ఇవన్నీ ఒక్క రూపానికి తెచ్చే పని పాండాస్‌లో మాటల కోసం ఉన్న రీప్లేస్ (str.replace) ఫంక్షన్‌ది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ మాట దాని గురించే.

పాండాస్ 1 వరుస వెర్షన్లలో ఈ రీప్లేస్‌కు మనం ఇచ్చే మాటను అది నమూనాగా, అంటే రెగెక్స్‌గా చూసేది. ‘ఎన్ని ఖాళీలున్నా ఒకటి చెయ్’, ‘బ్రాకెట్ నుంచి బ్రాకెట్ దాకా తీసెయ్’ అని నమూనా రాస్తే చాలు, విడిగా ఏమీ చెప్పక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0లో అది తిరగబడింది. రెగెక్స్=ట్రూ అని మనం రాయకపోతే, ఇచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టు మామూలు అక్షరాలుగానే వెతుకుతుంది. ఆ నమూనా ఉన్నది ఉన్నట్టుగా రైతు పేర్లలో ఎక్కడా ఉండదు కాబట్టి ఏమీ దొరకదు, ఏమీ మారదు. ఎర్రర్ కూడా రాదు.

నాకు ఇది 2023 ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు తగిలింది. కొట్లో పాత కంప్యూటర్ పాడైతే కొత్తది కొన్నారు. నేను పాండాస్‌ను వెర్షన్ నంబరు చెప్పకుండా ఇన్‌స్టాల్ చేశాను, 2 వరుసది వచ్చింది. ప్రోగ్రాం చక్కగా నడిచింది. సాయంత్రం మొత్తం తూకం కాటా పుస్తకంతో సరిపోయింది, కిలో తేడా లేదు. నాలుగు రోజులు అలాగే చీటీలు ఇచ్చాం.

అయిదో రోజు ఒక పెద్దాయన వచ్చారు. "నాయనా, మూడు లోడ్లు ఏశాను, రెండింటికే లెక్క చూపిస్తుండావే" అన్నారు. కాటా చీటీలు మూడూ ఆయన చేతిలోనే ఉన్నాయి. స్క్రీన్ మీద చూస్తే ఆయన పేరు రెండు చోట్ల ఉంది. సొంత పొలం లోడ్లు రెండూ ఒక పేరు కింద, కౌలు పొలం లోడు ‘కౌలు’ అని బ్రాకెట్‌తో ఉన్న పేరు కింద. పాత వెర్షన్‌లో ఆ బ్రాకెట్ తీసేసి మూడూ కలిపేది. మొత్తం తూకం ఎందుకు సరిపోయిందో అప్పుడు అర్థమైంది. వడ్లు ఎక్కడికీ పోలేదు, ఎవరివి ఎవరి కింద పడాలో అదే చెదిరింది. మొత్తం ఒక్కటే చూసుకునే మాకు అది కనపడే అవకాశమే లేదు. "తప్పు మాదే పెదనాన్నా, సాయంత్రానికి సరిచేసి ఇస్తాను" అని చెప్పి, ఆ నాలుగు రోజుల చీటీలన్నీ కాటా పుస్తకం పక్కన పెట్టుకుని చేత్తో సరిచూశాను. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. రైతు నోరు తెరిచి అడిగాడు కాబట్టి బయటపడింది. అడగని వాళ్ల సంగతి తల్చుకుంటే మనసు కలుక్కుమంటుంది.

తెల్లవారి చేసిన మరమ్మతు ఇంకో దెబ్బ కొట్టింది. రీప్లేస్ ఉన్న ప్రతి చోటా రెగెక్స్=ట్రూ అని ఒక్కసారిగా చేర్చేశాను. నడిపితే పేర్ల వరుస (కాలమ్) మొత్తం ఖాళీ. చుక్క తీసేసే లైను దీనికి కారణం. నమూనాల భాషలో చుక్క అంటే ‘ఏ అక్షరమైనా’ అని అర్థం. పాత పాండాస్ ఒంటరి గుర్తు ఇస్తే, రెగెక్స్ అన్నా సరే, దాన్ని మామూలు గుర్తుగానే తీసుకునేది. 2.0లో ఆ మినహాయింపు కూడా ఎత్తేశారు. అందుకని చుక్కను తీయమంటే పేరునే తీసేసింది. అయితే ఇది కంటికి కనపడే తప్పు, అయిదు నిమిషాల్లో పట్టుకున్నాను. చుక్క లైనుకు ఫాల్స్, ఖాళీలకు, బ్రాకెట్లకు ట్రూ. ఒక్కో లైను చదివి విడివిడిగా రాయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అన్ని లైన్లూ చెడలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చినప్పుడు, అక్కడి లోడ్లకు ప్రకాశం తీసి నెల్లూరు పెట్టే లైను ఒకటి రాశాను. అందులో ఉన్నవి ఉత్త మాటలే, గుర్తులు లేవు. రెండు వెర్షన్లలోనూ ఒకేలా పనిచేసింది. ప్రోగ్రాంలో సగం సరిగ్గా నడుస్తుంటే మిగతా సగం మీద అనుమానం రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

పాండాస్ తయారుచేసే వాళ్లను నేను తప్పు పట్టను. 2020 డిసెంబరులో వచ్చిన 1.2 నుంచే ఈ మార్పు రాబోతోందని హెచ్చరిక చూపిస్తూ వచ్చారు. రెండేళ్లకు పైగా గడువు. కౌంటర్లో కూర్చునే వాళ్లు తెర మీద ఎర్ర అక్షరాలు చూసి కంగారు పడుతున్నారని నేనే హెచ్చరికలన్నీ కనపడకుండా చేశాను. ఆ లైను ఇప్పుడు తీసేశాను. కొత్త పద్ధతి కూడా నా లెక్కన సరైనదే. రీప్లేస్ అంటే ఎవరైనా ఉన్న మాట తీసి వేరే మాట పెట్టడమనే అనుకుంటారు. కానీ అర్థం మారినప్పుడు, ట్రూనో ఫాల్సో చెప్పేదాకా ప్రోగ్రాం ముందుకు కదలకుండా ఒక్క వెర్షన్‌లో ఆపి ఉంటే బాగుండేదని నా కోరిక. అప్పుడు ఆ పెద్దాయన కొట్టు దాకా నడవాల్సిన పని ఉండేది కాదు.

తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఇంకొక మాట. ఇది ఏ పాండాస్ వెర్షన్ తప్పూ కాదు, పైథాన్ రెగెక్స్ తీరు. ‘అక్షరం కానిదంతా తీసెయ్’ అనే నమూనా ఇంగ్లీషు పేర్లకు బాగుంటుంది. తెలుగులో గుణింతపు గుర్తుల్ని, పొల్లునూ అది అక్షరాలుగా లెక్కపెట్టదు. నెల్లూరు అని ఇస్తే ‘నలలర’ అని వస్తుంది. తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్నవన్నీ ఉంచమని నమూనాలో స్పష్టంగా రాసుకోవాలి. పొల్లు తర్వాతి అక్షరంతో కలవకుండా కొన్ని కీబోర్డులు పెట్టే కనపడని గుర్తు మరొకటి. అది ఉన్న పేరూ లేని పేరూ కొన్నిసార్లు చూపుకు ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం రెండు. ఖాళీలు తీసే నమూనాకు అది దొరకదు, విడిగా తీయాలి.

3.0 వెర్షన్ 2026 జనవరిలో వచ్చింది. ఇంటి ల్యాప్‌టాప్‌లో పాత సీజన్ల షీట్లతో నడిపి చూస్తున్నాను. ఇందులో మాటలుండే వరుసలకు ఆబ్జెక్ట్ అనే పాత రకం బదులు స్ట్రింగ్ కోసమే ఒక రకం వచ్చింది. నా ప్రోగ్రాం ఒక్కో వరుస రకం చూసి, ‘ఆబ్జెక్ట్ అయితేనే శుభ్రం చెయ్’ అంటుంది. ఇప్పుడు ఆ రకం వరుసే కనపడక శుభ్రం చేయకుండానే ముందుకు పోయింది, మళ్లీ చప్పుడు లేకుండా. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. శుభ్రం చేయకముందు ఎన్ని పేర్లు, చేశాక ఎన్ని పేర్లు అని లెక్కపెట్టి, రెండూ సమానమైతే ఆగిపొమ్మని రాసిపెట్టాను. అక్కడే ఆగింది.

నచ్చినవీ ఉన్నాయి. స్ట్రింగ్ వరుసలో పొరపాటున అంకె పెడితే 3.0 వెంటనే ఎర్రర్ ఇస్తుంది. పాతది నోరు మూసుకుని తీసుకునేది. ఇంకొకటి, తండ్రి పేరు లేని చోట ఇదివరకు వరుసను స్ట్రింగ్‌గా మారిస్తే ‘నాన్’ అనే ఇంగ్లీషు మాట వచ్చి చీటీ మీద అచ్చయ్యేది. ఇప్పుడు ఖాళీ ఖాళీగానే ఉంటుంది. కానీ ఆ ఖాళీని రైతు పేరుతో కలిపితే మొత్తం పేరే ఖాళీ అవుతుంది కాబట్టి, కలిపే ముందు ఖాళీలను నింపుకోవాలి. పైయారో అనే తోడు లైబ్రరీ ఉంటే వేగం పెరుగుతుందంటారు. మా కొట్టు షీట్లకు నాకు తేడా తెలియలేదు.

వేరే వాళ్లకు చెప్పమంటే 1 వరుసలో ఉన్నవాళ్లు నేరుగా 3.0కు దూకవద్దంటాను. ముందు 2.3కు వెళ్లి, హెచ్చరికలన్నీ కనపడేలా పెట్టి, ఒక్కటీ మిగలకుండా సరిచేసుకుని అప్పుడు మారాలి. కోతల మధ్యలో మాత్రం వెర్షన్ ముట్టుకోవద్దు. మా కౌంటర్లో ఈ రబీకి 2.3నే ఉంచాను, వెర్షన్ నంబరు ఫైల్లో రాసి. ఎడగారు వడ్లు వచ్చేలోపు పాత చీటీలన్నీ 3.0లో మళ్లీ తీసి, రైతు వారీగా పక్కపక్కన పెట్టి చూస్తాను. ఇప్పటికి రెండు సీజన్లవి అయ్యాయి.