రిటైర్మెంటు డబ్బు చాలుతుందా? రాయగడ కార్మికుడికి ఏ దేశపు లెక్క మేలు?

ఒడిశాలోని రాయగడ కాగితం మిల్లులోనో, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్‌లోనో పనిచేసేవారికి పీఎఫ్ పాస్‌బుక్కులో ఎంత ఉందో తెలుస్తుంది. అది చాలుతుందో లేదో తేల్చే పద్ధతి దేశానికొకటి.

అమెరికాలో బాగా వాడుకలో ఉన్నది 67 ఏళ్లకు ఏడాది జీతానికి పదింతలు కూడబెట్టాలన్న లెక్క. నెలకు 25,000 జీతమైతే 30 లక్షలు. తేలికే గానీ మనకు నప్పదు. అక్కడి ప్రభుత్వ పింఛను సోషల్ సెక్యూరిటీ ధరలతోపాటు పెరుగుతుంది. పీఎఫ్‌తోపాటు ఉండే మన ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుకు కరువు భత్యం లేదు, పైగా మనం 58కే దిగిపోతాం.

బ్రిటన్‌లో 2019 నుంచి కనీసం, మధ్యస్థం, సౌకర్యం అని మూడు స్థాయిల ఖర్చుల జాబితా ఇస్తున్నారు. అందులో ఇంటి అద్దె కలపరు. అద్దింట్లో ఉండేవారు అది విడిగా వేసుకోవాలి. మనం పెద్దాసుపత్రి అంటే విశాఖ వెళ్తాం కాబట్టి రైలు, బస ఖర్చులూ చేర్చాలి.

జపాన్‌లో 2019 నాటి ప్రభుత్వ నివేదిక పింఛను మీద ఆధారపడ్డ వృద్ధ దంపతులకు నెలకు సుమారు 50,000 యెన్ల లోటని చెప్పి, 30 ఏళ్లకు సుమారు 2 కోట్ల యెన్లు కావాలంది. అది సగటు లెక్కే, అయినా అక్కడ పెద్ద గొడవే అయింది. కానీ మనకు పనికొచ్చే పద్ధతి ఇదే: బ్రిటన్ వాళ్లలా ఖర్చు రాసుకోండి, జపాన్ వాళ్లలా లోటు తీయండి.

ఈపీఎస్ సూత్రం: పింఛను లెక్కకు తీసుకునే నెల జీతం × సర్వీసు ఏళ్లు ÷ 70. పథకం పెట్టిన జీత పరిమితి మీదే చందా కట్టినవారికి 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500, తర్వాతి దానికి 15,000 మించి లెక్కలోకి రాదు. 2007 సెప్టెంబరులో చేరి 2026 ఆగస్టులో దిగితే, ఏడేళ్లు పాత పరిమితి, పన్నెండేళ్లు కొత్తది: నెలకు సుమారు 3,220. ఇంటి ఖర్చు 18,000 అయితే లోటు దాదాపు 14,800. వడ్డీ, ధరలు సమానంగా పెరుగుతాయనుకున్నా 25 ఏళ్లకు 44 లక్షలపైనే. అమెరికా లెక్క ఇక్కడ 14 లక్షలు తక్కువ చూపింది.

భర్త పోయాక భార్యకు వచ్చేది సగం పింఛనే. ఆమె వయసులో చిన్నదైతే 25 ఏళ్లు చాలవు, ఆమె వయసును బట్టి లెక్కవేయండి.

కాంట్రాక్టరు మారినప్పుడు చాలామంది 10సి ఫారంతో ఈపీఎస్ డబ్బు తీసేసుకుంటారు. దాంతో ఆ సర్వీసు పోతుంది, పదేళ్లు నిండకపోతే నెలనెలా పింఛనే రాదు. అదే ఫారంలో స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే సర్వీసు నిలుస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పీఎఫ్‌లో ముందు ఉన్నవారు యజమాని ద్వారా పేరు సరిదిద్దే జాయింట్ డిక్లరేషన్ ఇప్పుడే పెట్టుకోండి. రిటైరయ్యాక ఆ కాంట్రాక్టరును వెతికి పట్టుకోవడం కష్టం.