ఎంఎస్‌కు రోజూ మాత్రా, ఆరు నెలలకోసారి సెలైనా: ఏది మేలు?

చిత్తూరులో మా పెదనాన్న కూతురికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలినప్పటి నుంచి, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఇమ్యూనిటీ పెరగడానికి ఏ కషాయం తాగాలో చెబుతున్నారు. ప్రేమతోనే చెబుతున్నారు. కానీ ఈ జబ్బు ఇమ్యూనిటీ తగ్గి వచ్చింది కాదు. ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి నరాల మీదున్న మైలిన్ పొరను పాడుచేస్తాయి. పొర కొంతవరకు మళ్లీ వస్తుంది. లోపలి నరం తెగిపోతే మాత్రం రాదు.

అక్కది అటాక్ వచ్చి తగ్గే రకం, అంటే లక్షణాలు ఉన్నట్టుండి ముదిరి మళ్లీ తగ్గుతాయి. డాక్టర్ రెండు దారులు చెప్పారు: రోజుకు రెండుసార్లు డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్ర, లేదా ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించే రిటుక్సిమాబ్.

మాత్రతో ఆసుపత్రిలో పడుకునే పని లేదు. మొదట్లో ముఖం ఎర్రబడి మంట పుడుతుంది, కడుపులో తిప్పుతుంది. తిన్నాక వేసుకుంటే కొంత నయం. లింఫోసైట్లు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) మరీ పడిపోతున్నాయేమో అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి.

రిటుక్సిమాబ్ రక్తంలోని బి కణాలను, అంటే లింఫోసైట్లలో ఒక రకాన్ని, దాదాపుగా తుడిచేస్తుంది. ఎంఎస్‌లో అసలు దోషులు లింఫోసైట్లలోనే మరో రకమైన టి కణాలేనని చాలాకాలం నమ్మారు. 2008లో వెలువడిన ట్రయల్‌లో ఈ మందు తీసుకున్నవాళ్ల మెదడులో కొత్త మచ్చలు బాగా తగ్గేసరికి ఆ నమ్మకం మారింది. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలను ఈ మందు తాకదు, అయినా అటాక్‌లు తగ్గాయి. బి కణాలు టి కణాలను ఎగదోసి కూడా నష్టం చేస్తున్నాయని అలా అర్థమైంది.

ఈ రెండు మందులనే నేరుగా పోల్చి స్వీడన్‌లో 200 మందితో ట్రయల్ చేశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. రెండేళ్లలో అటాక్ వచ్చినవాళ్లు మాత్ర తీసుకున్నవారిలో 16 శాతం, రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో 3 శాతం. నన్ను ఒప్పించింది ఈ తేడానే. చిత్తూరు నుంచి తిరుపతైనా వేలూరైనా ఆరు నెలలకోసారి బస్సులో వెళ్లి రాగల దూరమే.

అలాగని అందరికీ ఇదే అనను. ఒంట్లో హెపటైటిస్ బి దాగి ఉంటే ఈ మందుతో ప్రమాదకరంగా తిరగబెట్టవచ్చు. ఏళ్ల తరబడి వాడితే యాంటీబాడీలు తగ్గి ఇన్ఫెక్షన్లు పెరగవచ్చు. తరచూ న్యుమోనియా వచ్చే మనిషైతే నేనూ మాత్ర వైపే చూస్తాను.

ఎండలో అలిపిరి మెట్లెక్కి చూపు మసకబారితే మందు పనిచేయడం లేదని టెన్షన్ పడొద్దు. పొర దెబ్బతిన్న నరం వేడికి సరిగా పనిచేయదు, ఒళ్లు చల్లబడితే సర్దుకుంటుంది. కొత్త తిమ్మిరో నీరసమో ఒక రోజు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

మెదడులోనే ఉండే మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు నిదానంగా చేసే నష్టాన్ని ఈ రెండు మందుల్లో ఏదీ పూర్తిగా ఆపలేదు. ఆపగలిగిన అటాక్‌లనైనా మొదటి నుంచే గట్టిగా ఆపాలి. అందుకే మొదట మెత్తటి మందుతో కొన్నేళ్లు చూద్దాం అనే మాట నాకు నచ్చదు. అక్క రిటుక్సిమాబ్‌కే ఒప్పుకుంది. ముందు హెపటైటిస్ పరీక్షలు, టీకాలు పూర్తిచేసుకుని మొదటి డోసుకు వెళ్తుంది.