బేగంబజార్‌లో రూమ్ సామాన్లు: ఒకే కొట్టు, రెండు బిల్లులు

ముందే చెప్తున్నా, షాపు పేరు మాత్రం అడగొద్దు. దాచాలని కాదు, బోర్డు మీద ఒక పేరుంది, బిల్లు మీద ఇంకో పేరుంది, స్కాన్ చేస్తే ఫోన్‌లో మూడో పేరొచ్చింది. బేగంబజార్‌లో బకెట్లు, స్టీలు గిన్నెలు, అద్దాలు, చిన్న చిన్న కరెంటు సామాన్లు అన్నీ కప్పు దాకా పేర్చుకుని కూర్చున్న కొట్టు. లోపల ఇద్దరు పట్టరు, ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయటికి రావాలి. స్టార్లు ఇవ్వాలంటే నాలుగిస్తా, ఆ పోయిన ఒక్క స్టారు ఎందుకు పోయిందో కింద రాస్తా.

హాస్టల్‌లో ఉండటం నాకిది రెండోసారి. డిగ్రీలో ఉన్నప్పుడు నేనూ నా రూమ్మేటూ ముందు ఒక్క ఫోన్ కూడా చేసుకోకుండా దిగిపోయాం, పెట్టెలు విప్పితే రెండు ఇస్త్రీ పెట్టెలు, రెండు కెటిళ్లు, మూడు అద్దాలు, చీపురు మాత్రం లేదు. వారం రోజులు పక్క రూమోళ్ల చీపురు అడుక్కుని ఊడ్చుకున్నాం. సరే అదైతే నవ్వుకోవచ్చు. అసలు దెబ్బ కూలర్ దగ్గర పడింది. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరం సగం సగం వేసుకుని 5,200 పెట్టి కూలర్ కొన్నాం, రెండో ఏడు దాని మోటార్ పోతే 350 నేనే పెట్టి వేయించా, ఎందుకంటే తను అప్పటికే సెలవులకి ఇంటికెళ్లిపోయింది, మరి తను లేనప్పుడు గాలి తగిలింది నాకే కదా, అడగాలా వద్దా అని అడగలేదు. ఫైనలియర్ అయిపోయాక దాన్ని జూనియర్లకి 1,800కి అమ్మేశాం. తను లెక్కగా తొమ్మిదొందలు తీసుకుంది, నేను లోపల్లోపల ఆ 350 లెక్కేసుకుంటూ ఉన్నా. ఇప్పటికీ పుట్టినరోజుకి మెసేజ్ పెడతది, నేను థాంక్స్ అంటా, అంతే. సగం కూలర్ ఎవరూ ఇంటికి మోసుకుపోలేరు గానీ సగం కోపం మాత్రం ఇద్దరం మోసుకుపోయాం.

అందుకే ఈసారి పీజీకి హైదరాబాద్‌లో సీటొచ్చి, రూమ్ అలాట్‌మెంట్ లిస్టులో నా పక్కన ఎవరి పేరుందో తెలిసిన రోజే నంబర్ పట్టుకుని ఫోన్ చేశా. అమ్మాయిది ఆదోని. మాది కొత్తగూడెం. తను ఎమ్మెస్సీ ఫిజిక్స్, నేను కెమిస్ట్రీ. మొదటి కాల్‌లోనే ఇంటి నుంచి ఏమేం తెస్తున్నావో చెప్పు అన్నా, తను ఇస్త్రీ పెట్టె, దోమల బ్యాట్ అంది, నేను చాప, ఒక గిన్నె, కత్తి, పొడుల డబ్బాలు అన్నా. మిగతావి ఇక్కడికొచ్చాక కొందాం అనుకున్నాం. తనేమో స్ప్లిట్‌వైజ్‌లో ఎక్కిద్దాం అన్నీ అంది. వద్దన్నా. ఆ యాప్ ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో చూపిస్తది గానీ రెండేళ్ల తర్వాత కెటిల్ ఎవరి సంచిలోకి పోవాలో చెప్పదు కదా. ఏ వస్తువైనా పూర్తిగా ఒకరిదే అవ్వాలి, వాడుకోవడం మాత్రం ఇద్దరం, ఇదీ నా షరతు. కూలర్ కథ మొత్తం చెప్పాక ఒప్పుకుంది.

తార్నాక నుంచి కోఠికి బస్సెక్కాం. అక్కడే మొదటి పేచీ. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్‌లో వచ్చినప్పట్నుంచీ ఆడవాళ్లకి సిటీ బస్సులో జీరో టికెట్, కానీ అది తెలంగాణ అడ్రస్ ఉన్నోళ్లకే, తన ఆధార్ కర్నూలు జిల్లాది కాబట్టి తను డబ్బులిచ్చి టికెట్ కొట్టించుకుంది. "పక్కపక్కనే కూచున్నాం, నువ్వు ఫ్రీ, నేను పైసలు, ఇదేం లెక్క మే" అని కోఠి వచ్చేదాకా సాధించింది. కోఠిలో దిగి పుత్లీబౌలి మీదుగా నడిచాం. ఎండలో కొంచెం కష్టమే గానీ ఆ సందుల్లోకి ఆటో వెళ్లి బయటపడేలోపు మనం కొనేసి వెనక్కి కూడా రావచ్చు.

బేగంబజార్ తెలియనోళ్లకి ఒక మాట. ఇది రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకి ఇచ్చిన స్థలమని, ఆ బేగం పేరే బజార్‌కి ఉండిపోయిందని చెప్తారు. ఇప్పటికీ ఎక్కువ హోల్‌సేలే. అంటే మనం ఒక్క మగ్గు అడిగితే వాళ్లు ముఖం అదోలా పెడతారు. నాలుగు కొట్లలో "డజన్ తీస్కోండి" అనే సమాధానం వచ్చింది. పన్నెండు మగ్గులతో మేమేం చేస్తాం, హాస్టల్ గేటు దగ్గర దుకాణం పెట్టుకోవాలి. ఐదోది ఈ కొట్టు.

గల్లా మీద ఒక పెద్ద సేఠ్, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని క్యాలిక్యులేటర్ లేకుండానే కూడికలు చేసేస్తాడు. మా చేతిలో లిస్టు చూసి "హాస్టలా బేటా" అన్నాడు, అవునన్నాం. అప్పుడు నేను ఇద్దరికీ రెండు బిల్లులు కావాలి, ఏది ఎవరిదో నేను చెప్తా అన్నా. చిరాకు పడతాడేమో అనుకున్నా, మామూలుగా వెయ్యి రూపాయల బేరానికి రెండు బిల్లులు ఎవరు రాస్తారు చెప్పండి. ఆయన మాత్రం బిల్లు బుక్కు తెరిచి, మధ్యలో కార్బన్ సర్ది, రెండు కాగితాల మీద మా ఇద్దరి పేర్లు రాసి, "ఇది మంచి పని, అన్నదమ్ములు కూడా ఇట్లనే కొనాలి" అన్నాడు. అదేదో వాళ్లింట్లో సంగతిలా ఉంది, మేం అడగలేదు.

పంచుకోవడం ఎలా అంటే, పెద్దగా ఉండేవి, మోయడానికి ఇబ్బందయ్యేవి నా పేరు మీద అనుకున్నాం, ఎందుకంటే నాకు ఎంజీబీఎస్‌లో ఒక బస్సెక్కితే ఇల్లే, తను రైల్లో పోవాలి. కానీ కొట్లోకి వెళ్లాక ఈ సూత్రం సగమే నిలబడింది, తను అద్దం చూసి ఆగలేకపోయింది. నా బిల్లులో ఒకటిన్నర లీటర్ల కెటిల్ 650, డస్ట్‌బిన్ 110, బట్టలారేసుకునే తాడూ క్లిప్పులూ 80, డోర్‌మ్యాట్ 70. తన బిల్లులో అద్దం 240, మాప్ 260, తాళం 150, ఎక్స్‌టెన్షన్ బోర్డు 280. బకెట్టూ మగ్గూ మాత్రం ఎవరివి వాళ్లకే, చెరో 200. బకెట్టులో షేరింగ్ పెట్టుకున్నోళ్లు పొద్దున ఎనిమిదిన్నర క్లాసుకి వెళ్లిన దాఖలా లేదు. మొత్తం నాది 1,110, తనది 1,130. ఆ ఇరవై తేడాకి ఇరానీ చాయ్ నేను తాగించా, రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు కలిపితే లెక్క తిరగబడి నాకే బొక్క పడింది, బస్సు టికెట్‌కి అది సరిపోయిందిలే అని తను తేల్చేసింది.

ఒక చిట్కా, తాళం తీసుకునేటప్పుడు మూడు చెవులు ఉన్నది అడగండి. ఇద్దరికీ రెండు, మూడోది వార్డెన్ మేడమ్ దగ్గర. రెండే ఉన్నది తీసుకుంటే ఒకరు ఊరెళ్లినప్పుడు చెవి సంచిలో వెళ్లిపోతది, మిగిలినామె తన చెవి పోగొట్టుకుంటది, ఇది జరిగే తీరుతది. ఆటోలో అద్దాన్ని తన చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ డ్రైవర్‌ని "నిదానం అన్నా నిదానం" అంటూ.

ఇప్పుడు ఆ పోయిన స్టారు.

ఎక్స్‌టెన్షన్ బోర్డు అక్కడ కొనకుండా ఉండాల్సింది. కొట్లో పనిచేసే అబ్బాయిని కెటిల్ దీనికి పెట్టొచ్చా అని నేనే అడిగా, "నడుస్తది అక్కా, అందరూ పెడతరు" అన్నాడు. మూడో రోజు రాత్రి మ్యాగీకి నీళ్లు పెట్టాం, పక్కనే తన ల్యాప్‌టాప్ ఛార్జింగ్ కూడా అందులోనే ఉంది, ఐదు నిమిషాల్లో కాలిన ప్లాస్టిక్ వాసన. పిన్ను పీకి చూస్తే సాకెట్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి మెత్తబడింది, వేలు పెడితే అంటుకుంటోంది. అప్పుడు మా ఫిజిక్స్ పీజీ మేడమ్ గారు మంచం మీద కూర్చుని లెక్కేసింది, బోర్డు 6 ఆంపియర్లు, 230 వోల్టులు, అంటే 1,380 వాట్లే, కెటిల్ ఒక్కటే 1,500. కొనేటప్పుడు ఏమైందమ్మా ఈ లెక్క అంటే "నేను అద్దం చూస్కుంటా ఉన్నాను మే" అంది.

ఇంకా చూస్తే దాని మీద ఐఎస్ఐ గుర్తే లేదు. గుర్తుంటే దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబర్ ఉంటది, దాన్ని ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఏ కంపెనీదో చూపిస్తది, నిమిషం పని, కొట్లో నిలబడే చేసుకోవచ్చు. మేం చేయలేదు. మర్నాడు పట్టుకెళ్తే సేఠ్ బిల్లు వెనక వేలు పెట్టి చూపించాడు, కరెంటు సామాను వాపస్ లేదు అని హిందీలో స్టాంపు కొట్టుంది. గొడవ పెట్టుకోలేదు గానీ, నడుస్తది అని చెప్పింది మీ పిల్లాడే కదా అంటే ఇద్దరూ వినబడనట్టు ఊరుకున్నారు. అక్కడికే స్టారు పోయింది.

కానీ నా రూల్‌కి అసలు పరీక్ష అప్పుడే వచ్చింది. బోర్డు తన బిల్లులో ఉంది. తీసుకుందాం అని ఏరింది నేను. మరి ఆ 280 ఎవరిది? నేను సగమిస్తా అన్నా, తను తీసుకోలేదు, "సగం సగం వద్దని కథ చెప్పింది నువ్వే, నా పేరు మీదుంది, పోతే నాదే పోయింది" అంది. నాకేమో గిల్టీగా ఉంది. చివరికి తార్నాకలో గుర్తూ నంబరూ ఉన్న కొత్త బోర్డు నేను కొన్నా, అది నాది. దాంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రమే పెడతాం, కెటిల్ గోడకున్న పెద్ద పవర్ సాకెట్‌కే, మా వార్డెన్ మేడమ్ కెటిల్ వరకు ఒప్పుకుంటారు, ఇండక్షన్ స్టవ్ కనబడిందంటే మాత్రం తీసుకెళ్లిపోతారు.

కొట్టు గురించి ఇంకో మంచి మాట కూడా చెప్పాలి. రెండు వారాలకే నా బకెట్ హ్యాండిల్ ఊడిపోయింది, బోర్డు కోసం వెళ్లినప్పటి ముఖం గుర్తుంది కాబట్టి ఆశ లేకుండానే వెళ్లా. సేఠ్ ఒక్క మాట కూడా అనకుండా గోడకి గుత్తిగా వేలాడుతున్న హ్యాండిళ్లలోంచి ఒక ఇనప కమ్మిది లాగి, బకెట్‌ని మోకాళ్ల మధ్య పెట్టుకుని పది సెకన్లలో తగిలించి ఇచ్చేశాడు, పైసా తీసుకోలేదు. కాబట్టి ప్లాస్టిక్, స్టీలు, తాళాలు, మాప్‌లు ధైర్యంగా కొనండి, మా ఏరియాలో చూసిన రేట్ల కంటే మగ్గు దగ్గర్నుంచి మాప్ దాకా అన్నీ తక్కువే. కరెంటువి మాత్రం వద్దు. ఆదివారం మూసేస్తారు, మధ్యాహ్నం దాటాక వెళ్తే హోల్‌సేల్ లోడ్ల మధ్య మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, పొద్దున పదకొండుకల్లా వెళ్లండి. పరుపులు దొరకవు.

ఆరు నెలలైంది. ప్రతి వస్తువు అడుగున నెయిల్ పాలిష్‌తో మా ఇంటిపేర్ల మొదటి అక్షరాలు ఉన్నాయి, రెండు బిల్లులూ అల్మారా తలుపు లోపల అంటించి ఉన్నాయి. ఒక్కటి తప్ప అన్నిటికీ ఓనర్ ఉన్నారు. ఆ రోజు బిల్లులు కట్టేశాక కొసరు అడిగితే సేఠ్ ఒక కొండ చీపురు ఊరికే ఇచ్చాడు, ఇద్దరి బిల్లులోనూ లేదు అది. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు, రూమ్ ఎవరు ఊడవాలో కూడా తేలలేదు.