పాత ఆల్టో 800: ఇంజిన్‌ది చిల్లర ఖర్చు, తుప్పుది అసలు ఖర్చు

మాది 2014 మోడల్ ఆల్టో 800. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఉండేది విశాఖపట్నం, పెదవాల్తేరు వైపు, సముద్రం నడిచి వెళ్లేంత దగ్గర. ఈ చిరునామా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే బండి కరీంనగర్‌లోనో కర్నూలులోనో తిరిగి ఉంటే నా ఖర్చుల పుస్తకంలో సగం పేజీలు ఉండేవే కావు. ఒక కంపెనీలో లెక్కలు రాయడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా ఆ జబ్బు వదలలేదు కాబట్టి బిల్లులన్నీ దాచాను.

ఈ బండిలో నాకు తక్కువ తలనొప్పి తెచ్చింది ఇంజినే. మారుతి 800తో 1983 చివర్లో మన రోడ్ల మీదికి వచ్చిన 796 సీసీ, మూడు సిలిండర్ల వంశానికి చెందినదే ఇది. 2020 నాటికే ఆల్టో పేరుతో 40 లక్షల బండ్లు అమ్ముడయ్యాయి. అందువల్ల ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా దీన్ని విప్పి బిగించగల మనిషి దొరుకుతాడు. 2023లో ఆల్టో 800 తయారీ ఆగిపోయినా ఇప్పటివరకు ఏ విడిభాగం కోసమూ నేను ఎదురుచూడలేదు. ఆయిల్, ఫిల్టర్లు మార్చే మామూలు సర్వీసింగ్ బయటి షెడ్డులో రెండు వేల లోపే అవుతోంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి మార్పిస్తే కూలితో సహా ఐదు వేలు దాటలేదు. టైర్లు 12 అంగుళాలవి, ఒక్కోటి మూడు వేలకు అటూ ఇటూ.

కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పేది) ఎప్పుడు మార్చారు? ఆల్టోలోనే పెద్ద ఇంజిన్ రకమైన కె10కు చైన్ ఉంటుంది, ఈ 800కు మాత్రం రబ్బరు బెల్టు. అది తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. అమ్మేవాళ్లు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ డబ్బు బేరంలో తగ్గించుకోండి.

ఒకసారి పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి వణుకుతూ మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. పేరు రాయను గానీ, అద్దాల గదీ కాఫీ మిషనూ ఉన్న ఒక గ్యారేజీలో ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు అన్నీ మార్చాలని తొమ్మిది వేలకు ఎస్టిమేటు చేతిలో పెట్టారు. బండి వెనక్కి తెచ్చుకుని గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన ఇంజిన్ నడుస్తుండగానే, సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కరెంటు కనెక్టర్లు ఒక్కోటీ పీకి, మళ్లీ పెడుతూ వచ్చాడు. మొదటిది పీకగానే ఇంజిన్ ఇంకాస్త వణికింది. రెండోది పీకినా అంతే. మూడోది పీకితే శబ్దంలో ఏ తేడా లేదు. "ఈ సిలిండర్ ముందు నుంచే పని చెయ్యట్లేదమ్మా" అని అక్కడి స్పార్క్ ప్లగ్ విప్పి చూపించాడు. దాని కొన కాలి అరిగిపోయింది. మూడు ప్లగ్‌లూ మార్చి, కూలితో కలిపి ఆరు వందలు తీసుకున్నాడు. చిన్న బండికి విడిభాగాలు చవకే, రోగం కనుక్కోకుండా మందు వేసేవాళ్ల చేతిలో పడితేనే పెద్ద కారు ఖర్చు అవుతుంది.

ఇక తుప్పు. మా సందులో పాత బండ్లన్నీ దీనితోనే పోతున్నాయి.

తలుపు అడుగు అంచున వేలి గోరంత చోట పెయింటు ఉబ్బి కనిపించింది. మేస్త్రి స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త నొక్కాడు. అది లోపలికి దిగిపోయింది, తుప్పు పెళ్లలు అప్పడం ముక్కల్లా రాలాయి. కారు తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. కిటికీ అద్దం పక్క నుంచి దిగే వాన నీరు వాటి గుండానే బయటికి పోవాలి. మాకు ఆ రంధ్రాల్లో దుమ్మూ ఇసుకా చేరి గట్టిపడ్డాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లో తలుపు లోపల నీళ్లు నిలబడితే బయటి పెయింటు ఎంత మెరిసినా లాభం లేదు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నీళ్లు పోయే దారి కూడా అంతే. మా బాదం చెట్టు ఆకులు అక్కడ చేరి, నీరు లోపలికి దిగి, డ్రైవరు కాళ్ల దగ్గర తివాచీ తడిసేది. తివాచీ పైకెత్తి చూస్తే కింద రేకు గోధుమ రంగు.

రెండు తలుపుల అడుగులు, ఎడమ వైపు రన్నింగ్ బోర్డు కోసి కొత్త రేకు వేయించి, పెయింటు కొట్టించేసరికి పద్నాలుగు వేలైంది. అప్పటిదాకా ఇంజిన్ మీద పెట్టిన మొత్తం కంటే ఇదే ఎక్కువ. మేస్త్రి చెప్పిన ఒక మాట నాకు ఉపయోగపడింది: తుప్పు గీకకుండా అండర్ కోటింగ్ కొట్టించవద్దు. నల్లటి పూత కింద తేమ చిక్కుకుని తుప్పు కంటికి కనపడకుండా పెరుగుతుంది. అందుకే పాత బండి అడుగు కొత్తగా నల్లగా మెరుస్తుంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది. తీరప్రాంతంలో పాత బండి కొనేవాళ్లు బానెట్ తెరవడానికి ముందు దాన్ని లిఫ్ట్ ఎక్కించమని అడగండి. జాకీ పెట్టే చోట్లు, బ్యాటరీ కింద పళ్లెం, బ్రేకు పైపులు చూడండి.

ఎలుకల గురించి ఎక్కువ చెప్పను. వారం రోజులు కదలకుండా ఉంచితే వైర్లు కొరుకుతాయి. నాఫ్తలీన్ ఉండలు, పొగాకు, అన్నీ పెట్టి చూశాం. రోజూ ఒకసారి బండి తీయడమే కాస్త పనిచేసింది.

మైలేజీ కాగితం మీద 22.74. ఊళ్లో ఏసీతో నాకు 15 వస్తోంది, శ్రీకాకుళం రోడ్డు మీద 20 దాకా. లీటరు వంద దాటిన రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంజిన్ బలం 48 హార్స్‌పవర్ కూడా నిండా లేదు. నలుగురు కూర్చుని సింహాచలం కొండ ఎక్కాలంటే ఏసీ ఆపి రెండో గేరులో పోవాలి. మావారు ప్రతిసారీ ఏసీ ఆపనంటారు, ప్రతిసారీ సగం దారిలో ఆపుతారు.

బీమాలో మాత్రం చిన్న ఇంజిన్‌కు లాభం. వెయ్యి సీసీ లోపు కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నుంచి 2,094 రూపాయలు, పన్ను అదనం. ఇంత పాత బండికి సొంత నష్టం బీమా నేను తీసుకోవడం లేదు. బండి విలువే లక్షన్నర చుట్టూ ఉంది.

భద్రత విషయంలో నేను దీన్ని వెనకేసుకురాను. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసి, పెద్దల రక్షణకు సున్నా స్టార్లు ఇచ్చింది. మా దానిలోనూ ఎయిర్‌బ్యాగులు లేవు. పిల్లలతో విజయవాడ వెళ్లాలంటే రైలే ఎక్కుతాం. ఆఫీసు, బజారు, బీచ్ రోడ్డు, ఆసుపత్రి, ఇంతవరకే దీని పని.

2029లో మా బండికి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 5,000 చేశారు, దానికి ముందు 600 ఉండేది. హరిత పన్ను, ఫిట్‌నెస్ కోసం చేయించాల్సిన మరమ్మతులు వేరే. ఆ రుసుము కట్టాలా, తుక్కుకు ఇవ్వాలా అన్నది ఆ సంవత్సరం వానాకాలం వెళ్లాక మేస్త్రి దగ్గర లిఫ్ట్ ఎక్కించి అడుగు చూసుకున్నాకే తేలుతుంది.