పాడేరు ఘాట్‌లో మెత్త రబ్బరు టైరు, రెండు వానాకాలాలు వాడాక

నా పల్సర్ 150కి వెనక వేయించిన ట్యూబ్‌లెస్ టైరు ఇది, సైజు 100/90-17, మెత్త రబ్బరుది. ఇప్పుడు చాలా కంపెనీలు ఈ రకం చేస్తున్నాయి కాబట్టి పేరు పక్కనపెడదాం. నాకు నచ్చింది ఒక్కటే, తడి రోడ్డు మీద దాని పట్టు.

మొదటి వానాకాలం, జులైలో పాడేరు నుంచి చోడవరం దిగుతున్నాం, వెనక మా ఆవిడ. మోదకొండమ్మ పాదాలు గుడి దాటాక మబ్బు రోడ్డు మీదకే దిగిపోయింది, ముందున్న మలుపు కూడా సరిగ్గా కనపడట్లేదు, దానికి తోడు కొండ మీంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి రోడ్డంతా పరుచుకుని ఉంది. హారన్ వినపడేలోపే పైకొస్తున్న బస్సు మలుపు కోసుకుంటూ సగం నా వైపుకి వచ్చేసింది. నా బండికి ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది, ముందు చక్రానికే ఉంది, వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోతుంది, పాత టైరుతో ఇలాంటి చోట బండి వెనక భాగం పక్కకి లాగేసేది. ఈసారి సన్నగా ఒక్కసారి అదిరి మళ్ళీ పట్టు దొరికేసింది, బండి తిన్నగా రోడ్డు అంచున ఆగింది. మా ఆవిడ "ఏటైందండీ" అనేసరికి బస్సు వెళ్ళిపోయింది కూడా. ఆ రోజు నుంచి నాకు ఈ టైరంటే ప్రాణం.

గట్టి రబ్బరు చలికి ఇంకా బిగుసుకుంటుంది, మెత్తది తారులో ఉండే గరుకులోకి దిగి పట్టుకుంటుంది, అదే తేడా. పాడేరు చలిలో పొద్దున్నే బండి తీసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

కొన్న కొత్తలో కనపడిన ప్రతివాడికీ ఇదే వేయించుకోమన్నా, ఇప్పుడు మాత్రం ముందు ఎక్కడ తిరుగుతావని అడుగుతున్నా. ఎందుకంటే అరుగుదల బాగా ఎక్కువ, బండితో పాటు వచ్చిన టైరు దీనికి దగ్గర దగ్గర డబల్ వచ్చింది. పైగా చోడవరం అనకాపల్లి మధ్య తిన్నటి రోడ్డు మీద తిరిగి తిరిగి నడిమి భాగం చదునైపోయింది, అంచులు అలాగే ఉన్నాయి, దాంతో ఘాట్ మలుపులో బండి వాల్చినప్పుడు చిన్న గట్టు దిగినట్టు తెలుస్తోంది. రెండో వానాకాలంలో మొదటేడాది ఉన్నంత ధీమా లేదు. రూలు ప్రకారం టూవీలర్ టైరుకి 0.8 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉంటే చాలు, గానీ ఘాట్‌లో అంతవరకు ఆగడం నాకిష్టం లేదు, గాడి లోతు లేకపోతే నీళ్ళు ఎటు పోతాయి?

గాలి విషయం తప్పకుండా చెప్పాలి. ఈ బండికి ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరైతే 28, ఇద్దరైతే 32. బంకులో కుర్రాళ్ళు అడక్కుండా రెంటికీ 35 కొట్టేస్తారు, గాలి ఎక్కువైతే టైరు మధ్యే రోడ్డుకి తగులుతుంది, అసలే మెత్త రబ్బరు, ఇంకేముంది. పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడే చూపించండి, ఘాట్ దిగాక వేడి మీద రీడింగు ఎక్కువే ఉంటుంది, అది చూసి గాలి తీయించకండి.

కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెలు చూసుకోండి, 2224 అంటే 2024లో 22వ వారం తయారీ. నాకు షాపులో మొదట చూపించింది నాలుగేళ్ళ పాతది, ట్రెడ్ కొత్తగా నిగనిగలాడుతోంది గానీ రబ్బరు ఊరికే ఉన్నా గట్టిపడుతుంది కాబట్టి వద్దని వేరేది తెప్పించుకున్నా. టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా, చైన్ బిగించాక వెనక ఇరుసు దగ్గర రెండు పక్కలా ఉండే గీతలు సమానంగా ఉన్నాయా అన్నది దగ్గరుండి చూసుకోవాలి, కొత్త వాల్వ్ కూడా అప్పుడే వేయించేయండి. మొదటి వంద నూటేభై కిలోమీటర్లు పైపొర జారుతుంది, మలుపుల్లో వాల్చొద్దు.

విశాఖ సిటీలోనే తిరిగేవాళ్ళకి ఇది దండగ ఖర్చని నా అభిప్రాయం, మామూలు టైరు చాలు. నాకు కూడా ట్రాన్స్‌ఫర్ వచ్చి కిందకి దిగిపోతే మళ్ళీ ఇదే వేయిస్తానని చెప్పలేను. పాడేరులోనే ఉంచితే మాత్రం జూన్ వచ్చేలోపు ఇదే రకం, కొత్తది.