ఊరికి ఏది మేలు: మంచినీళ్ల ప్లాంటా, బడి గదులా, ఆడపిల్ల ఇంటర్ చదువా?

అమెరికాలోనో గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారికి సొంత ఊరికి ఏదైనా చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు అడిగే ప్రశ్న దాదాపుగా ఒక్కటే. చేతిలో అయిదారు లక్షలున్నాయి, దేనికి పెడితే ఎక్కువ మేలు జరుగుతుంది అని. లోకం బాగుపడాలనే పెద్ద కోరిక ఆచరణకు వచ్చేసరికి ఒక ఊరు, కొంత సొమ్ము, ఒక నిర్ణయంగా మారుతుంది కాబట్టి, నాకు తెలిసిన మేరకు ఆ నిర్ణయం గురించే రాస్తున్నాను. సాధారణంగా అనుకునేవి మూడు: మంచినీళ్ల ప్లాంటు, బడికి అదనపు గదులు, పేద పిల్లల చదువు. నాలుగోదిగా వైద్య శిబిరం పేరు వినిపిస్తుంది. గుడికి గోపురం, ఊరికి ముఖద్వారం గురించి ఎవరూ సలహా అడగరు, నిర్ణయించుకున్నాకే చెబుతారు. అవి భక్తికీ గౌరవానికీ సంబంధించినవి గనుక ఈ లెక్కలో చేర్చలేదు.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఖర్చు కాదు, నిర్వహణ. ప్రారంభోత్సవం నాడు అన్నీ బాగానే ఉంటాయి. ఇచ్చినవారు తిరిగి విమానం ఎక్కాక, అయిదో ఏట ఆ మేలు ఎవరి డబ్బుతో, ఎవరి ఓపికతో నడుస్తుందన్నదే అసలు పరీక్ష.

మంచినీళ్ల ప్లాంటుకు ఉన్న ఆకర్షణ సహజమైనదే. నీరు అందరికీ కావాలి, కులమూ పార్టీ అడ్డురావు, ఫలితం మర్నాడే బిందెలో కనబడుతుంది. ఫ్లోరైడ్ ప్రాంతాలలోనైతే దీనికి మించిన పని లేదనిపిస్తుంది కూడా. నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లతో, తిరగని మెడతో బతుకు వెళ్లదీసినవారిని చూసినవారికి నీటి విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రమాణం. పెరిగే వయసులో ఎముకలో చేరి వంకర తెచ్చిన ఫ్లోరైడ్‌కు తరువాత ఎన్ని మంచినీళ్లు తాగించినా విరుగుడు లేదు.

అయితే ప్లాంటు అంటే మోటారు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, వాటి వెనుక పొడుగాటి గొట్టాలలో అమర్చిన మెంబ్రేన్లు, అంటే నీటిలోని లవణాలను ఆపే పల్చటి పొరలు. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది, మెంబ్రేన్ కొన్నేళ్లకొకసారి మార్చాలి, వోల్టేజీ హెచ్చుతగ్గులకు మోటారు కాలితే వైండింగ్ చేయించాలి. ఇరవై లీటర్ల క్యానుకు అయిదు రూపాయలో పదో వసూలు చేసి ఆ డబ్బును విడిగా ఖాతాలో వేసే కమిటీ ఉన్నచోట ప్లాంటు నడుస్తుంది, లేనిచోట తాళం పడుతుంది. తాళం పడితే కనీసం కళ్లకు కనబడుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది పాతబడిన మెంబ్రేన్‌తో నడుస్తూనే ఉన్న ప్లాంటు. ఫ్లోరైడ్‌కు రుచీ రంగూ ఉండవు కాబట్టి, నీరు తియ్యగా ఉందన్న భరోసాతో జనం తాగుతూనే ఉంటారు, పరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. పైగా తాగడానికి క్యాను నీళ్లు తెచ్చుకునే ఇళ్లలోనూ అన్నం, పప్పు వండేది బోరునీళ్లతోనే. ప్లాంటు వదిలేసే వృథా నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి, అవి పక్క కాలువలోకో చెరువులోకో పోతాయి. అందుకే ఫ్లోరైడ్‌కు శాశ్వత పరిష్కారం భూగర్భజలాన్ని వడకట్టడంలో కంటే నదీజలాన్ని గొట్టాల ద్వారా తెచ్చుకోవడంలోనే ఉంది. తెలంగాణలో మిషన్ భగీరథ చేపట్టింది ఆ పనే. ఇంటింటికీ కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఊరిలో దాత కట్టించే ప్లాంటు చాలావరకు అలవాటుకు, రుచికి పనికొచ్చేదే. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లోరైడ్ బెడద ఉన్న కనిగిరి, దర్శి, పొదిలి వైపు నదీనీరు ఇంకా సరిగ్గా అందని పల్లెలకు మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ నీరే ముందు, తక్కినవన్నీ తరువాత.

బడి గదుల విషయంలో నాకు అంత తర్జనభర్జన లేదు. భవనాల బాధ్యత ప్రభుత్వానిది, ఆలస్యంగానైనా ప్రభుత్వాలు ఆ పని చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి అనే బడుల బాగుచేత పథకాలు మొదలయ్యాయి. ఎటూ సర్కారు సొమ్ముతో రావలసిన గదిని దాత సొమ్ముతో కడితే ఊరికి అదనంగా దక్కేది శిలాఫలకం. పిల్లలు తగ్గిపోతున్న బడులలో గదుల కొరతకంటే పంతుళ్ల కొరతే ఎక్కువగా ఉంటుంది. మరుగుదొడ్లు కట్టించినా, రోజూ కడిగే ఆయాకు జీతం, ట్యాంకు నింపే నీళ్లు ఏర్పాటు చేయకపోతే వాటికీ తాళమే గతి. నిజంగా చెట్టుకింద నడుస్తున్న బడి ఉంటే సంగతి వేరు.

వైద్య శిబిరం ఒక్కరోజు ముచ్చట. బీపీ, షుగరు ఉన్నాయని చెప్పి వారం రోజుల మాత్రలు చేతిలో పెట్టి వెళ్లిపోతే ఎనిమిదో రోజు నుంచి రోగి మళ్లీ మొదటికే వస్తాడు. కంటి శుక్లాల ఆపరేషన్ చేయించే శిబిరం దీనికి మినహాయింపు. ఒకసారి చేయిస్తే చూపు నిలుస్తుంది. కాబట్టి శిబిరమే పెట్టదలచుకుంటే అదే పెట్టండి.

ఇక నా మొగ్గు ఎటో దాచుకోను. పదో తరగతి పాసైన ఆడపిల్లను ఇంటర్ రెండేళ్లూ కాలేజీలో నిలబెట్టడానికి పెట్టే సొమ్ముకు సాటి వచ్చేది పై మూడింటిలో ఏదీ లేదని నా అభిప్రాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. చదువులో, సంపాదనలో ముందున్నామని చెప్పుకునే మనం ఈ పట్టికలో సగటుకు కింద ఉండవలసింది పోయి పైన ఉన్నాం. ఊళ్లో బడి ఉన్నంతకాలం పిల్ల చదువుతుంది. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. ఆ దూరం మొదలైన చోటే సంబంధాలు చూడడమూ మొదలవుతుంది.

ఇక్కడ దాతలు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. వారు ఫీజు కడతామంటారు, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫీజు అసలు భారమే కాదు. తల్లిదండ్రులను వెనక్కి లాగేది దారి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అది మంచి పనే, కాని బస్సే రాని ఊరికి ఉచిత ప్రయాణం వల్ల ఒరిగేదేమీ లేదు. పొద్దున కాలేజీ వేళకు ఒక బస్సు, సాయంత్రం కాలేజీ వదిలిన గంటన్నరకు మరో బస్సు ఉన్న ఊరిలో, ఆ గంటన్నర పిల్ల ఎక్కడ నిలబడుతుందన్న బెంగతోనే చదువు మాన్పించే తండ్రులుంటారు. వారిని మూర్ఖులనడం తేలిక, ఆ బస్టాండులో కూతురిని నిలబెట్టి చూస్తేగాని వారి భయం అర్థం కాదు.

దారి సమస్య తీరితే ఏం జరుగుతుందో బీహార్‌లో చూశాం. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని అధ్యయనం చేసి, హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారనీ, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందనీ తేల్చారు. బడి మూడు కిలోమీటర్లు, అంతకుమించి దూరమున్న ఊళ్లలోనే పెరుగుదల ప్రధానంగా కనిపించింది. గుంపుగా సైకిళ్ల మీద వెళ్లే పిల్లలను అడ్డగించే ధైర్యం కూడా ఎవరికీ అంత సులువుగా రాదు.

నిర్వహణ అనే కొలతతో చూస్తే ఈ ఖర్చు రెండేళ్లలో ముగిసిపోతుంది, ఆ తరువాత మార్చవలసిన మెంబ్రేనూ లేదు, వేయవలసిన సున్నమూ లేదు. చదివిన పిల్ల తన పిల్లలకు టీకాలు వేయిస్తుంది, బ్యాంకులో తన ఖాతా తనే చూసుకుంటుంది. ఆడవాళ్ల చదువు ఎటు దారితీస్తుందో ముందుగా ఎవరూ గీత గీయలేరు. నెల్లూరు జిల్లాలో 1990లో మొదలైన అక్షరాస్యత ఉద్యమం ఉద్దేశం అక్షరాలు నేర్పడమే. రాత్రిబడిలో పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లు సారా వల్ల ఇళ్లలో జరుగుతున్నది మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఆ తరువాత దూబగుంట అనే ఊళ్లో సారా దుకాణం మూయించారు. రాష్ట్రమంతా అంటుకున్న ఆ ఉద్యమం ధాటికి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది, నిజమే. అదే జిల్లాలో ఆ ఊపులో పుట్టిన పొదుపు సంఘాలు మాత్రం నిలిచి, ఊరూరా విస్తరించాయి.

దీనికీ లోటుపాట్లు లేకపోలేదు. ఫలితం ఫోటోలో పడదు, రిబ్బను కత్తిరించడానికి ఏమీ ఉండదు, సాయం అందుకున్న పది మందిలో ఇద్దరు ముగ్గురికి మధ్యలోనే పెళ్లి చేసేయవచ్చు. అయినా అయిదారు లక్షలున్నవారికి నేను చెప్పే పద్ధతి ఇది. నగదు ఇంట్లో ఇవ్వవద్దు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లలో ఇంటర్ చదవవలసిన పిల్లలెందరో హైస్కూలు హెడ్మాస్టరు దగ్గర తెలుసుకుని, వారికోసం తెలిసిన డ్రైవరుతో ఒక ఆటోను నెలవారీగా మాట్లాడండి. చెల్లింపును ఊరి మహిళా సంఘం చేతిలో పెడితే, ఎవరు వెళ్తున్నారో ఎవరు మానేశారో వారికి తెలియకుండా ఉండదు. బాగా దూరమైన పిల్లలకు హాస్టలు ఖర్చు భరించండి.

డబ్బు చేరవలసిన సమయమూ ముఖ్యమే. పదో తరగతి ఫలితాలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, పెళ్లిచూపులు జోరుగా సాగేదీ ఆ ఎండాకాలంలోనే. ఆగస్టు పదిహేనుకు ఊరొచ్చి సభలో ప్రకటించేసరికి అడ్మిషన్లు అయిపోతాయి, కొన్ని ఇళ్లలో నిశ్చితార్థాలూ అయిపోతాయి. ఆటో మాట ఫలితాల ముందే తల్లిదండ్రుల చెవిన పడాలి.